మన మెట్టకు రైలొస్తా ఉంది సరే, ఆగుతుందా?

ఈ పోస్టు పెద్దది. పనిలో ఉంటే పక్కన పెట్టుకొని రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి.

మొన్న వింజమూరు దగ్గర మా బావ పొలానికి పోయాను. నడికుడి–శ్రీకాళహస్తి రైల్వే లైనుకి ఆయనది ఎకరంన్నర పోయింది. మిగిలిన చేను రెండు ముక్కలైంది. బోరు ఒక పక్క, నిమ్మచెట్లు ఇంకో పక్క. డబ్బులొచ్చాయా బావా అంటే, "వచ్చాయిలే, ఆ సంగతి కాదుగానీ, రైలు మనకాడ ఆగుతుందంటావా?" అని అడిగాడు. ఆగుతుందిలే బావా అని చెప్పబోయి ఊరుకున్నాను. నాకు బిట్రగుంట గుర్తొచ్చింది.

బిట్రగుంట మీకు తెలుసు. కావలికీ నెల్లూరుకీ మధ్య, బోగోలు మండలంలో ఉంటుంది. కొండబిట్రగుంట బ్రహ్మోత్సవాలకు మనోళ్లు పోతారు. ఆ స్టేషన్ కథ మాత్రం ఇప్పటి పిల్లలకు తెలీదు. అది తెలిస్తే మన లైను గురించి ఏం అడగాలో తెలుస్తుంది. అందుకే రాస్తున్నా.

మొదట అసలు రైలు మన జిల్లాకి ఎందుకొచ్చిందో చూద్దాం. 1876లో ధాత నామ సంవత్సరం. ఆ ఏడు మొదలైన కరువు 1878 దాకా దక్షిణాదిని ఊడ్చిపెట్టింది. ఒకచోట గింజలున్నా ఇంకోచోటికి చేర్చే దారి లేదు. బండి కట్టాలంటే ఎద్దులకు మేత లేదు, నీళ్లు లేవు, ఎద్దులే దారిలో పడి చచ్చిపోయాయి. ఆ తర్వాత 1880లో కరువు కమిషన్ రిపోర్టు ఇచ్చింది. కరువు ప్రాంతాలకు గింజలు తోలడానికి 5,000 మైళ్ల రైలు మార్గం వెంటనే వెయ్యాలని అందులో రాశారు. ఆ దశాబ్దంలోనే తిరుపతి వైపు నుంచి గూడూరు మీదుగా నెల్లూరుకి మీటర్ గేజి లైను వచ్చింది. 1899లో మద్రాసు–బెజవాడ పెద్ద లైను కలిసింది. నెల్లూరు మెయిన్ లైను మీదికి వచ్చింది అట్లా.

ఇందులో ఒక విడ్డూరం చూడండి. కరువు పేరు చెప్పి రైళ్లు వేశారు. జిల్లాలో కరువు ఎక్కువ కొరికేది ఉదయగిరి, ఆత్మకూరు మెట్టని. పట్టాలు పడింది మాత్రం సముద్రం పక్కన, పెన్న కాలవల కింద వరి పండే చోట. నేల చదునుగా ఉంది, మద్రాసుకీ కలకత్తాకీ అదే దగ్గర దారి, ఎత్తడానికి ధాన్యం కూడా అక్కడే ఉంది. మన వైపు వెలిగొండలు అడ్డం. వాళ్ల లెక్క వాళ్లది. ఆ లెక్కలో మనం లేము. ఉదయగిరి నుంచి రైలెక్కాలంటే ఈ రోజుకీ నెల్లూరుకో కావలికో బస్సు పట్టాల్సిందే. మన ఏ.ఎస్.పేట దర్గాకు చెన్నై నుంచీ బెంగళూరు నుంచీ ఎంతమంది వస్తారు! రైల్లో వచ్చినోళ్లు నెల్లూరులో దిగి, ఆత్మకూరు బస్సు కోసం బ్యాగులు పెట్టుకొని నిలబడి ఉంటారు.

రైలొచ్చి ఒకరి పొట్ట నింపితే ఇంకొకరి పొట్ట కొట్టింది. అప్పటిదాకా బకింగ్‌హాం కాలవలో పడవల మీద ఉప్పు, కట్టెలు, ధాన్యం మద్రాసుకి పోయేవి. రైలు పడ్డాక ఆ పడవల బేరం కొంచెం కొంచెంగా తగ్గింది. తుపాన్లకు కాలవ పూడిపోయింది. ఇప్పుడు చూస్తే చాలాచోట్ల గుర్రపుడెక్క తప్ప ఇంకేం లేదు.

ఇక బిట్రగుంట. విజయవాడ నుంచి చెన్నైకి 430 కిలోమీటర్లు. బిట్రగుంట దాదాపు దానికి సరిగ్గా మధ్యలో ఉంది. ఆవిరి ఇంజను ఏకబిగిన అంత దూరం పోలేదు. నీళ్లు పట్టాలి, బొగ్గు ఎక్కించాలి, బూడిద దులపాలి, కీళ్లకు నూనె పోయాలి. కాబట్టి సగం దారిలో ఇంజను విప్పి ఇంకో ఇంజను తగిలించేవాళ్లు. డ్రైవర్లు, ఫైర్‌మన్లు అక్కడ దిగి రన్నింగ్ రూమ్‌లో పడుకొని, తిరుగు బండి ఎక్కేవాళ్లు. ఈ పనికోసం పెద్ద లోకో షెడ్డు కట్టారు. ఇంజన్లను గుండ్రంగా నిలిపే షెడ్డు, వ్యాగన్లు విడదీసి కలిపే యార్డు, క్వార్టర్లు, ఆసుపత్రి, బడి, ఆటస్థలం అన్నీ వచ్చాయి. చుట్టుపక్కల నాలుగు పల్లెల మధ్య ఒక చిన్న టౌను లేచింది.

మా మేనమామ ఆ షెడ్డులో ఖలాసీ. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు ఎండాకాలం సెలవులకు అక్కడికి పోయేవాణ్ణి. మా అత్త ఉతికిన బట్టలు దండెం మీద ఆరేస్తే సాయంత్రానికి బొగ్గు నుసితో మచ్చలు పడేవి. ఆమె తిట్టుకుంటా మళ్లీ జాడించేది. షెడ్డు సైరన్ కూసేదాన్ని బట్టి ఊళ్లో టైము. పక్క పల్లెల వాళ్లు తెల్లారకముందే పాలు, కూరగాయలు, మజ్జిగ తెచ్చి కాలనీలో అమ్ముకొని పోయేవాళ్లు. మెయిలు బండి ఇంజను మార్చుకునే పావుగంటలో ప్లాట్‌ఫారం మీద ఇడ్లీలు, వడలు అయిపోయేవి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, బండి ఆగిన ఆ పావుగంట మీద చాలామంది బతికారు.

1980 ప్రాంతంలో ఈ లైనుకి కరెంటు వచ్చింది. కరెంటు ఇంజనుకి నీళ్లు అక్కర్లా, బొగ్గు అక్కర్లా. చెన్నైలో తగిలిస్తే విజయవాడ దాటి పోతుంది. సగం దారిలో ఆగాల్సిన పనేముంది? షెడ్డుకి పని తగ్గింది, తర్వాత మూత పడింది. విజయవాడలో కరెంటు ఇంజన్ల షెడ్డు పెరిగింది. మా మామని అక్కడికి బదిలీ చేశారు. క్వార్టర్లలో తుమ్మచెట్లు మొలిచాయి. బిట్రగుంటలో రైల్వేకి వందల ఎకరాలున్నాయి. ఆ ఫ్యాక్టరీ వస్తుంది, ఈ వర్క్‌షాపు వస్తుందని ప్రతి ఎలక్షన్లో వింటానే ఉన్నాం. పేరుకి బిట్రగుంట నుంచి చెన్నైకి ఒక బండి, విజయవాడకు ఒక బండి ఉన్నాయి. లైను పనులుంటే ముందుగా రద్దయ్యేవి కూడా అవే.

రైల్వే దివాలా తీసిందనుకుంటే పొరపాటు. అదే లైను మీద ఇప్పుడు బండి వెనక బండి పోతా ఉంటుంది. విజయవాడ–గూడూరు మధ్య మూడో లైను వేస్తున్నారు. 2023 సెప్టెంబరు నుంచి చెన్నై–విజయవాడ వందేభారత్ తిరుగుతా ఉంది. అది బిట్రగుంట దాటేటప్పుడు ప్లాట్‌ఫారం మీద దుమ్ము లేస్తుంది, అంతే. బండ్లు తగ్గలా, వేగం తగ్గలా. ఆగడం తగ్గింది. తలమంచి, కొడవలూరు, మనుబోలు లాంటి చిన్న స్టేషన్ల పరిస్థితి అదే. కరోనా టైములో ప్యాసింజర్లు ఆపేశారు. మళ్లీ నడిపినప్పుడు వాటికే ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టి పది రూపాయల టికెట్ ముప్పై చేశారు. 2024లో గానీ మళ్లీ పదికి దించలేదు. ఈలోపల జనం ఆటోలకీ బస్సులకీ అలవాటు పడిపోయారు.

ఇది ప్రయాణికుల సంగతి. రైతుకి ఇంకా ముఖ్యమైంది సరుకు. పూర్వం ఏ చిన్న స్టేషన్లో అయినా గూడ్స్ షెడ్డు ఉండేది. పది బస్తాలైనా బుక్ చేసుకోవచ్చు, ఒక వ్యాగనైనా మాట్లాడుకోవచ్చు. 1980ల తర్వాత రైల్వే ఆ చిల్లర బేరం వద్దనుకుంది. ఎత్తితే రేకు మొత్తం ఎత్తాలి. మూసిన వ్యాగన్ల రేకు అంటే దాదాపు 42 వ్యాగన్లు, 2,600 టన్నుల దాకా సరుకు. బొగ్గు, సిమెంటు, యూరియా కంపెనీలకు అది సరిపోతుంది. మనకెట్లా సరిపోతుంది? అందుకే యూరియా మాత్రం రైల్లో వచ్చి రేకు పాయింట్లో దిగుతుంది, మన నిమ్మకాయ లారీలో పోతుంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో దేశంలో సరుకు ఎనభై శాతం పైగా రైలు మీదే పోయేది. ఇప్పుడు ముప్పై శాతం లోపు.

ఇది మన ఒక్కరి కష్టమే కాదు. అమెరికాలో సౌత్ డకోటా అని అచ్చంగా వ్యవసాయం మీద బతికే రాష్ట్రం ఉంది. అక్కడ మిల్వాకీ రోడ్ అనే రైలు కంపెనీ 1977లో దివాలా తీసి, తర్వాత లైన్లు మూసేసింది. గోధుమ, జొన్న గోదాముల ముందే పట్టాలు తుప్పు పట్టే పరిస్థితి వస్తే, ఆ రాష్ట్ర ప్రభుత్వమే ముందుకొచ్చి కొన్ని లైన్లు కొనేసింది. ధాన్యం పోవాలంటే వేరే దారి లేదని అక్కడి రైతులు పట్టుబట్టారు. ఆ లైన్లలో కొన్ని ఇప్పటికీ ధాన్యం మోస్తున్నాయి.

ఇప్పుడు మన మెట్టకొద్దాం. మనకి దగ్గర్లో పడిన కొత్త లైను ఓబులవారిపల్లె–కృష్ణపట్నం. దాదాపు 113 కిలోమీటర్లు. వెలిగొండల్ని తొలిచి చెర్లోపల్లి–రాపూరు మధ్య ఆరున్నర కిలోమీటర్ల పైన సొరంగం తవ్వారు. 2019 సెప్టెంబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించారు. గొప్ప పనే, కాదనను. కానీ అది రేవుకి సరుకు తోలడానికి వేసిన లైను. రాపూరు, పొదలకూరు చుట్టుపక్కల నిమ్మతోటల వాళ్లు ఆ గూడ్స్ బండ్లు పోతా ఉంటే చూస్తున్నారు. కాయలు మాత్రం లారీకే ఎక్కుతున్నాయి.

రెండోది మా బావ పొలంలో పోయేది. నడికుడి–శ్రీకాళహస్తి, 309 కిలోమీటర్లు, 2011–12లో మంజూరైంది. పిడుగురాళ్ల వైపు శావల్యాపురం దాకా, ఇటు గుండ్లకమ్మ నుంచి దర్శి దాకా పట్టాలు పడ్డాయి. తర్వాత పొదిలి, కనిగిరి, పామూరు, వరికుంటపాడు, వింజమూరు, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి. ఈ లైను ఎందుకంటే, కోస్తా లైనుకి బదులు దారి కావాలి. 2021 నవంబరులో పెన్న వరదకు పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి చెన్నై–విజయవాడ బండ్లన్నీ ఆగిపోయాయి, గుర్తుందిగా. అట్లాంటప్పుడు మన మీదుగా మళ్లించొచ్చు. అంటే ఈ లైను ముఖ్యంగా దాటిపోయే బండ్ల కోసం. మనల్ని ఎక్కించుకోవడం కోసం వేస్తున్నదని నేననుకోను. వద్దంటే నేను వద్దనను. అయితే ఎట్లా వస్తుందో చూసుకోవాలి.

మనోళ్లందరూ స్టేషన్ వస్తే ఎకరా ఎంత పలుకుతుందనే మాట్లాడుతున్నారు. నాకు ఆ గొడవ లేదు. నేనడిగేది వేరే. ఆత్మకూరులోనో వింజమూరులోనో ఒక గూడ్స్ షెడ్డు, లారీ వచ్చి తిరిగేంత జాగా, పార్శిల్ ఎక్కించే ప్లాట్‌ఫారం, బండి నిలబెట్టడానికి ఒక అదనపు లైను. ఇవి ప్లాన్లో ఇప్పుడే గీయించుకోవాలి. కట్టలు పోసి, వంతెనలు కట్టాక అడిగితే జాగా లేదంటారు.

రేకు మనం నింపలేం, నిజమే. కానీ పార్శిల్ వ్యాన్ ఒక్కోదాన్లో 23 టన్నుల దాకా పడుతుంది. నిమ్మ సీజన్లో పది ఊళ్లు కలిస్తే అదెంతసేపు? అనంతపురం వాళ్లు 2020 సెప్టెంబరులో కిసాన్ రైల్లో పండ్లు, టమాటా ఢిల్లీకి పంపారు. దక్షిణాదిలో అదే మొదటిది. అప్పుడు కిరాయిలో సగం సబ్సిడీ ఉండేది. సబ్సిడీ తీసేశాక ఆ ఊపు పోయింది. రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల రైలు పోతుంది. అంటే రైల్వేకి చేతకాక కాదు. సరుకు ఒక్కచోటికి చేర్చి, ప్రతిరోజూ ఇంత ఇస్తామని చెప్పేవాళ్లుంటే బండి ఆపుతారు. కలిగిరి, డి.సి.పల్లి వేలం కేంద్రాల్లో పొగాకు ఒకచోటికి చేరుతూనే ఉంది కదా. నిమ్మకీ అట్లాగే చేర్చొచ్చు. మనలో మనకి ధర దగ్గర పడదు, అదొక్కటే చిక్కు.

వచ్చే నెల అర్జీ రాయాలనుకుంటున్నా. వట్టి కాగితం ఇస్తే ఎవరూ చూడరు, లెక్క ఉండాలి. వింజమూరు, ఆత్మకూరు, ఏ.ఎస్.పేట, మర్రిపాడు, రాపూరు వైపు వాళ్లు మీ ఊళ్లో నిమ్మ ఎన్ని ఎకరాలు, సీజన్లో రోజుకి ఎన్ని బస్తాలు, ఇప్పుడు ఏ మార్కెట్‌కి పోతున్నాయి, బస్తాకి లారీ కిరాయి ఎంత పడుతుందో రాసి పంపండి. మా బావ లెక్క అప్పుడే రాసిచ్చాడు. కట్ట కింద పోయిన ముప్పై చెట్లు తీసేసి రాశాడు.