ఫ్లోరినీకృత హరితగృహ వాయువుల నియంత్రణము: యానాం

శీతలయంత్రములయందు ప్రసరించు హైడ్రోఫ్లోరోకార్బనులు ఓజోను పొరకు హాని చేయకున్నను, భూతాపమును పెంచుటలో బొగ్గుపులుసు వాయువును అనేక రెట్లు మించినవగుటచే (నూరేండ్ల లెక్కన వానిలో 134ఏ అను వాయువు సుమారు 1,430 రెట్లు), 2016 అక్టోబరులో కిగాలీ నగరమున ఓజోను రక్షణకైన మాంట్రియల్ ఒడంబడికకు వీనినిగూడ తగ్గించు సవరణ జరిగెను. 2021లో దానిని ధ్రువీకరించిన భారతదేశము, 2028లో వాడకమునకు హద్దు కట్టి, ఆధార ప్రమాణమునుండి 2032 నాటికి 10, 2037కు 20, 2042కు 30, 2047కు 85 శాతము తగ్గింప నంగీకరించినది. తొలి మెట్లు మెల్లనివి, తుది మెట్టు మాత్రము మిక్కిలి నిటారు. ఒకప్పుడు ఫ్రెంచివారి యేలుబడిలోనుండి, నేడు పుదుచ్చేరికి చేరిన యానాం పరిపాలనలో వేరైనను, ఇట్టి నియమములకు ఆధారమగు పర్యావరణ పరిరక్షణ చట్టము (1986) దానికిని చుట్టునున్న ఆంధ్ర మండలములకును ఒక్కటియే. అయితే ఉత్పత్తి, దిగుమతులను లెక్కించు కిగాలీ విధానమునకు, గౌతమీ తీరపు ఉక్కకు బిగించుకొన్న ఏసీలో రాగిగొట్టపు అతుకు కారగా, పాత గ్యాసును గాలికి వదలి క్రొత్తది నింపు మెకానిక్కు చేతిపని నేరుగా చిక్కదు. మంచు కర్మాగారములలో విరివిగా వాడు అమ్మోనియా మాత్రము ఈ ఫ్లోరినీకృత వాయువుల కోవలోనిది కాదు.