నెత్తుట్లో మునిగిన భయం

‘ది కిల్లింగ్ ఫీల్డ్స్’ తీసిన మనిషే ‘క్యాప్టివిటీ’ కూడా తీశాడంటే నాకిప్పటికీ నమ్మబుద్ధి కాదు. 1984లో రోలండ్ జోఫే కంబోడియా మారణకాండను తెరకెక్కించాడు. పారిపోతున్న విలేకరి డిత్ ప్రాన్ బురదనేలలో తడబడి, తన చుట్టూ ఉన్నవి మనుషుల ఎముకలని గ్రహించే ఘట్టం ఒక్కటి చాలు, రాత్రంతా నిద్ర పట్టదు. అది జోఫే తొలి కథాచిత్రం. దానికే ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. రెండేళ్ళకు ‘ది మిషన్’కు కాన్‌లో పామ్ డోర్, మరో నామినేషన్. ఆ తర్వాత కలకత్తాకు వచ్చి ఓం పురీ, షబానా ఆజ్మీలతో ‘సిటీ ఆఫ్ జాయ్’ తీశాడు. అంత ఎత్తునుంచి జారిన మనిషి కథ ఇది.

జారింది ఆయన ఒక్కడే అయితే ఇంత బాధ ఉండేది కాదు. ‘క్యాప్టివిటీ’ కథ లారీ కోహెన్‌ది. హారర్ పిచ్చి ఉన్న మాబోటి వాళ్ళకు ఆ పేరు చాలా గొప్పది. 1974 నాటి ‘ఇట్స్ అలైవ్’లో రాక్షస శిశువు తెరమీద కనిపించేది క్షణాలే. పాలబండి లోపల ఏం జరిగిందో కోహెన్ చూపించడు. బయటికి పాలు కారతాయి, ఆ పాలలో నెత్తురు కలుస్తుంది. అంతే. యండమూరి ‘తులసిదళం’ చదివి దీపం ఆర్పడానికి జంకిన వయసునుంచి, వర్మ ‘రాత్రి’ మీదుగా అమెరికా థియేటర్ల దాకా వచ్చిన నాకు కోహెన్ పరాయివాడిలా అనిపించలేదు. కనిపించనిదే భయపెడుతుందని ఆయనకు బాగా తెలుసు. గాజు పెట్టెలాంటి ఫోన్ బూత్‌లో ఒక మనిషిని నిలబెట్టి, ఎక్కడినుంచో వినిపించే గొంతుతో సినిమా అంతా నడిపించిన రచయిత కూడా ఆయనే.

‘క్యాప్టివిటీ’లోనూ అలాంటి గింజే ఉంది. పేరున్న మోడల్‌ని ఎవరో ఎత్తుకుపోయి గదిలో బంధిస్తారు. పక్క గదిలో మరో బందీ ఉంటాడు. చీకట్లో ఆమెకు ఆ గొంతొక్కటే దిక్కు. భయంలోంచి స్నేహం, స్నేహంలోంచి ప్రేమ పుడతాయి. తీరా చూస్తే ఆమెను బంధించిన అన్నదమ్ముల్లో అతనొకడు! ఎలీషా కుత్‌బర్ట్ కళ్ళమీద కెమెరా నిలిపి ఈ ఒక్క ద్రోహాన్నీ నెమ్మదిగా విప్పితే చాలు కదా. ఓదార్చిన గొంతే ఉరి బిగించిందని తెలియడాన్ని మించిన భయం ఏముంది?

కానీ కాలం అలా లేదు. 2004లో ‘సా’ పెట్టిన సొమ్ముకు ఎన్నో రెట్లు తెచ్చింది. 2006 జనవరిలో ‘హాస్టల్’ వసూళ్ళలో మొదటి స్థానంలో నిలిచింది. విమర్శకుడు డేవిడ్ ఎడెల్‌స్టీన్ ఈ చిత్రహింసల సినిమాల వరసకు ‘టార్చర్ పోర్న్’ అని పేరు పెట్టింది ఆ ఏడాదే. మాస్కోలో షూటింగ్ ముగిసిన ‘క్యాప్టివిటీ’కి మళ్ళీ కొంత చిత్రీకరణ చేసి హింస పాలు పెంచారు. మనిషి అవయవాలను మిక్సీలో వేసి ఆమెచేత తాగించే దృశ్యం చూస్తుంటే నాకు భయం వేయలేదు, వాంతి వచ్చినట్టయింది. ఈ రెంటికీ ఉన్న తేడా కోహెన్‌కు తెలుసు, జోఫేకూ తెలుసు. తెలిసినవాళ్ళ పేర్లతోనే ఆ దృశ్యం తెరమీదికి వచ్చింది.

2007 మార్చిలో లాస్ ఏంజెలెస్ వీధుల్లో హోర్డింగులు లేచాయి. అపహరణ, నిర్బంధం, చిత్రహింస, అంతం: ఒక్కో మాట కింద ఆ అమ్మాయి బొమ్మ. మూడోదానిలో ముఖం నిండా కట్లు, ముక్కులోంచి గొట్టాలు, నాలుగోదానిలో శవం. న్యూయార్క్‌లో టాక్సీల నెత్తిమీదా అవే. పిల్లలతో అటుగా వెళ్ళే తల్లిదండ్రులు మండిపడ్డారు. అమెరికా సినీ సంఘం ఎంపీఏఏ ముందే తిరస్కరించిన ప్రకటనలవి. ముద్రణకు పొరపాటున వేరే ఫైళ్ళు వెళ్ళాయని నిర్మాణ పక్షం చెప్పుకుంది. హోర్డింగులు దించేశారు. రేటింగ్ ప్రక్రియను సంఘం నెల రోజులు నిలిపేసింది. రక్తపిశాచాల కథలతో పేరు తెచ్చుకున్న ‘బఫీ’ సృష్టికర్త జాస్ వీడన్ కూడా ఈ చిత్రానికి రేటింగే ఇవ్వొద్దని ఉత్తరం రాశాడు. హారర్‌ను ప్రేమించేవాళ్ళే తలదించుకోవాల్సి వచ్చింది. ఆ రోజుల్లో ఆఫీసులో నాకిష్టమైన సినిమాల గురించి నోరెత్తితే ఎదుటివాళ్ళ చూపు మారిపోయేది. ఆ హోర్డింగుల మరక మా అందరికీ అంటింది.

ఇంత రచ్చ జరిగాక జనం ఎగబడతారని లెక్కేసి ఉంటారు. వాయిదాల మీద వాయిదాలు పడి జూలై 13న, శుక్రవారం, సినిమా విడుదలైంది. అమెరికా మొత్తం మీద వచ్చింది 26 లక్షల డాలర్లు. అంతకు నెల ముందే ‘హాస్టల్’ రెండో భాగానికి, మొదటిదానికి తొలి వారాంతంలో వచ్చిన దాంట్లో సగం కూడా రాలేదు. నెత్తురు చూసీ చూసీ జనానికి మొహం మొత్తిందని అప్పుడే తెలిసి ఉండాలి. రెండుసార్లు ఆస్కార్ తలుపు తట్టిన జోఫేకు ఈసారి చెత్త దర్శకత్వానికి ఇచ్చే ‘రాజ్జీ’ అవార్డుల్లో నామినేషన్ దక్కింది. ఆ వార్త చదివి నేను నవ్వలేకపోయాను.

ఆ తర్వాతా జోఫే సినిమాలు తీశాడు. పాత ఎత్తు మళ్ళీ అందలేదు. కోహెన్ 2019లో కన్నుమూశాడు. ఆయన్ను తలచుకునేవాళ్ళు ‘ఇట్స్ అలైవ్’ గురించీ, ‘ది స్టఫ్’ గురించీ మాట్లాడతారు. ‘క్యాప్టివిటీ’ ఊసెత్తరు. నేను మాత్రం ఎత్తుతాను. నెత్తురు అతికించక ముందున్న కూర్పు పెద్ద తెరమీద చూడాలని, పక్క గదిలోంచి వచ్చే ఆ గొంతును ఆమెతోపాటు నేనూ నమ్మాలని నా కోరిక.