రేడియో లైసెన్సు గుమాస్తా

రేడియో లైసెన్సు గుమాస్తా భారతదేశంలో ప్రసారాలు వినే పెట్టెను ఇంట్లో ఉంచుకోవడానికి ప్రభుత్వ అనుమతిపత్రాన్ని జారీచేసి, ఏటా దాన్ని పునరుద్ధరించి, రుసుము వసూలుచేసిన తపాలా ఉద్యోగి. ఈ పనికి వేరే శాఖ ఏర్పడలేదు. మారుమూల పట్టణాల దాకా విస్తరించి, డబ్బు లెక్కలకు అలవాటుపడిన యంత్రాంగం తపాలా శాఖదే కావడంతో, స్టాంపులు, మనియార్డర్లు చూసే సిబ్బందికే దీన్ని అప్పగించారు.

ఈ అధికారానికి మూలం 1885 నాటి భారత తంతి చట్టం. తంతి సాధనాలను నెలకొల్పే హక్కును ఆ చట్టం ప్రభుత్వానికే ప్రత్యేకించగా, తీగలు లేకుండా వార్త పంపే నిస్తంత్రీ విధానం కూడా తర్వాత అదే పరిధిలోకి వచ్చింది. తెలుగు జిల్లాలు అంతర్భాగంగా ఉన్న మద్రాసు రాజధానిలో సి.వి. కృష్ణస్వామి చెట్టి చొరవతో వెలసిన ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు 1924 జూలై 31న ప్రసారాలు మొదలుపెట్టి, నిధులు చాలక 1927లో ఆగిపోయింది. ఆ ప్రశంసనీయ కృషిని 1930 ఏప్రిల్ 1 నుంచి మద్రాసు నగరపాలక సంస్థ కొనసాగించింది.

1927 జూలై 23న బొంబాయిలో లార్డ్ ఇర్విన్ ప్రారంభించిన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ, ఆగస్టు 26న కలకత్తా కేంద్రాన్ని కూడా తెరిచింది. లైసెన్సుకు ఏడాదికి 10 రూపాయలు చెల్లించవలసి ఉండేది, అందులో 80 శాతం కంపెనీకి చెందేది. కాబట్టి కంపెనీ మనుగడ చాలావరకు పోస్టాఫీసు వసూళ్లపైనే ఆధారపడింది. లైసెన్సులు కొన్ని వేలు దాటకపోవడం, అనుమతి లేకుండా వినేవారు ఎక్కువ కావడం వల్ల 1930లో కంపెనీ మూతపడగా, ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వమే ప్రసారాల బాధ్యత స్వీకరించింది.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి చేసిన 1933 నాటి భారత నిస్తంత్రీ తంతి చట్టం 1934 జనవరి 1న అమల్లోకి వచ్చి, లైసెన్సు లేకుండా రేడియో కలిగి ఉండటాన్నే నేరంగా ప్రకటించింది. మొదటి తప్పుకు 100 రూపాయల వరకు, తర్వాతి తప్పులకు 250 రూపాయల వరకు జరిమానా విధించే వీలుండేది. అప్పటి నుంచి గుమాస్తా చిట్టాకు చట్టబలం చేకూరింది. 1936 జూన్ 8న ఆలిండియా రేడియో అనే పేరు స్థిరపడగా, 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమై తెలుగు శ్రోతలను పెంచాయి.

గుమాస్తా పని ఓపికతో కూడినది, కచ్చితత్వం కోరేది. దరఖాస్తుదారు పేరు, చిరునామా, రేడియో తయారీ సంస్థ, నమూనా వివరాలను లైసెన్సు పుస్తకంలోను, కార్యాలయ చిట్టాలోను నమోదుచేసి, రుసుము తీసుకుని, తేదీ ముద్ర వేసి ఇచ్చేవారు. గృహ శ్రోతలకు, వ్యాపార స్థలాలకు, రేడియోలు అమ్మే దుకాణదారులకు వేర్వేరు తరగతుల లైసెన్సులు ఉండేవి. గడువు దాటినవారు అదనపు రుసుము కట్టవలసి వచ్చేది. బదిలీపై మరో ఊరికి వెళ్లినవారు అక్కడి పోస్టాఫీసులో చిరునామా మార్పించుకోవలసి ఉండేది. ఇంటింటికీ వెళ్లి తనిఖీ చేయడం ఇన్‌స్పెక్టర్ల పని అయినా, వారికి ఆధారం ఈ చిట్టాయే. నిష్ఠగా రాసిన ఆ వివరాలే దేశంలో శ్రోతల సంఖ్యను ప్రభుత్వానికి తెలిపిన ప్రధాన లెక్క.

స్వాతంత్ర్యానంతర దశాబ్దాల్లో గృహ రేడియో రుసుము 15 రూపాయలకు చేరింది. 1959లో ఢిల్లీలో దూరదర్శన్ ప్రయోగాలు మొదలయ్యాక టెలివిజన్ లైసెన్సులు కూడా ఇదే కౌంటరుకు వచ్చాయి. ట్రాన్సిస్టర్లు అందరి చేతుల్లోకీ చేరి చిన్న మొత్తాల వసూలు భారమైంది. 1967లో వివిధ భారతిలో వాణిజ్య ప్రకటనలు మొదలై, ప్రసారాలకు మరో ఆదాయం సమకూరింది. 1985 నాటికి రేడియో, టెలివిజన్ లైసెన్సులు రద్దు కాగా, ఈ గుమాస్తా బాధ్యత కూడా అంతరించింది. దానికి పునాదిగా నిలిచిన 1885, 1933 నాటి చట్టాల స్థానంలో పార్లమెంటు 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టాన్ని ఆమోదించింది.