విడిభాగముల చరిత్ర: రెండు నగరముల నడుమ అనంతపురము

రేడియో పెట్టె వెనుకనుండు అట్టను విప్పి లోపల చూచినవారు మన శ్రోతలలో చాలమంది ఉందురు. పాతకాలపు పెట్టెయైనచో వాల్వులు, వాటి ప్రక్కన ట్రాన్స్‌ఫార్మరు, క్రింద చీమలబారువలె కెపాసిటర్లు, రెసిస్టర్లు, వాటిని కలుపు తీగెలు కనబడును. ఒక్కొక్క భాగముమీద ఏ దేశపు ముద్ర ఉన్నదో చదువుచు పోయినచో అదియొక భూగోళ పాఠమే. ముందు పలకమీద మన కంపెనీ పేరుండవచ్చును. లోపలి వాల్వు ఒక దేశమునుండి, కెపాసిటరు వేరొక దేశమునుండి వచ్చి ఉండవచ్చును. ముందు పలకను చూచి, ఇది మన రేడియో అని మురిసిపోవుదుము. ఆ మాటలో నిజమెంతయో చెప్పవలసినది వెనుక అట్ట. మన దేశమున ఎలక్ట్రానిక్ పరిశ్రమకు వేసిన ప్రణాళికల చరిత్ర అంతయు ఈ ముందు పలకకును, వెనుక అట్టకును నడుమ జరిగిన పెనుగులాటయే అని నా అభిప్రాయము. ఆ పెనుగులాటలో అనంతపురమువంటి కరువుసీమకు దక్కినదేమి, దక్కదగినదేమి అనునది నేడు చెప్పదలచిన విషయము.

అనంతపురము ఉనికి చిత్రమైనది. ఉత్తరమున హైదరాబాదు, దక్షిణమున బెంగుళూరు. దేశములో ఎలక్ట్రానిక్ పరిశ్రమకు ప్రసిద్ధికెక్కిన నగరములలో రెండు ఇవియే. రెండింటిని కలుపు పెద్ద రహదారి ఈ పీఠభూమిమీదుగనే పోవుచున్నది. నేల మాత్రము దప్పిగొన్న నేల. ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు; దేశమున జైసల్మేరు తరువాత ఇంత తక్కువ వాన పడు జిల్లా ఇదియేనని చెప్పుట పరిపాటి. నమ్ముకొన్న పంట వేరుసెనగ. అది ఎండిన యేడు మూట కట్టి బెంగుళూరు దారి పట్టుట ఇక్కడివారికి క్రొత్త కాదు. 2022లో జిల్లా రెండుగా చీలి పెనుకొండ, హిందూపురము, ధర్మవరము ప్రాంతములు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. అనంతపురము అని నేను చెప్పునపుడు పాత జిల్లా మొత్తమును ఉద్దేశించుచున్నాను.

బెంగుళూరులో 1948లో ప్రభుత్వము టెలిఫోను కర్మాగారమును నెలకొల్పినది. 1954లో అక్కడనే భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ వెలసినది. ఫ్రాన్సుదేశపు కంపెనీ ఒకటి సాంకేతిక సహాయము చేసినది. ఈ సంస్థ 1961లో రేడియో వాల్వులను, 1962లో జెర్మేనియముతో చేయు ట్రాన్సిస్టరు జాతి వస్తువులను తయారుచేయసాగెను. 1964లో ఆకాశవాణికి ట్రాన్స్‌మిటర్లు కట్టి ఇచ్చెను. అంతకుముందే అనంతపురమున ఇంజనీరింగు కళాశాల ఉన్నది. 1946లో మద్రాసు ప్రభుత్వము దానిని మంజూరు చేయగా, మొదట గిండీ ఆవరణలో నడచి, 1948లో అనంతపురమునకు తరలివచ్చినది. కరువుజిల్లాకు ఇంజనీర్లు కర్మాగారములకంటె ముందుగా వచ్చిరి. వచ్చి, చదువు ముగియగానే వెడలిపోయిరి. వెళ్ళక చేయునదేమి?

1962లో చైనాతో జరిగిన యుద్ధము మన సైన్యపు వార్తాసాధనముల కొరతను బయటపెట్టినది. మరుసటి యేడు ఆగస్టులో ప్రభుత్వము హోమీ భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ సంఘమును నియమించెను. విక్రమ్ సారాభాయి ఒక సభ్యుడు. తక్కిన ఇరువురును తెలుగువారే కావడము మనము గుర్తుంచుకొనదగిన విషయము. ఒకరు సూరి భగవంతముగారు. గుడివాడలో పుట్టి, సి.వి. రామన్ వద్ద పరిశోధన చేసి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులై, బెంగుళూరు విజ్ఞాన సంస్థకు డైరెక్టరై, అప్పటికి రక్షణమంత్రికి వైజ్ఞానిక సలహాదారుగా ఉండిరి. అనంతపురము జిల్లాతో వారి పరిచయము వేరొక విధమైనది. పుట్టపర్తిలో సత్యసాయిబాబా తెలుగు ఉపన్యాసములను ఇంగ్లీషులోనికి మార్చి చెప్పిన పండితులలో వారొకరు. రెండవవారు అయ్యగారి సాంబశివరావుగారు. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లువారు, కాశీలోను, అమెరికాలోని స్టాన్‌ఫర్డులోను చదివినవారు. 1956లో ట్రాంబేలో నడక సాగించిన అప్సర రియాక్టరుకు నియంత్రణ యంత్రాంగమును ఇక్కడి ఇంజనీర్లే తయారుచేసినది వారి నాయకత్వముననే.

1966 జనవరి 24న భాభా విమానప్రమాదమున మరణించిరి. సంఘము నివేదిక ఆ యేడే వెలువడినది. మన దేశమున ఒక పరిశ్రమనంతటిని ఒక్క చూపులో పెట్టి, రానున్న పదేండ్లకు ఏ వస్తువు ఎంత కావలెను, దానికి ఏ విడిభాగములు ఎన్ని కావలెను అని లెక్కవేయ యత్నించిన గ్రంథము అది. అందలి ముఖ్యమైన మాట విడిభాగములను గూర్చినది. రేడియోలు, రాడార్లు, గణకయంత్రములు వేరువేరు వస్తువులుగా కనబడును గాని, వాటి కడుపులోనుండు కెపాసిటరు, రెసిస్టరు, ట్రాన్సిస్టరు ఒక్క వంశమునకు చెందినవే. పునాదిరాళ్ళు మన క్వారీలో దొరకకున్నచో ఇంటికి ఎంత అందమైన నమూనా గీచినను ప్రయోజనము లేదు. విడిభాగముల తయారీకి వెనుక మరియొక గొలుసు ఉన్నది: శుద్ధమైన సిలికాను, సన్నని రాగితీగె, పింగాణి, ఫెర్రైటు ముద్దలు, ప్రత్యేకమైన కాగితము, వాటిని కొలుచు పరికరములు. ఈ గొలుసులో ఒక్క కొక్కెము ఊడినను చివరనున్న పెట్టె ఆగిపోవును.

ఈ చింతన మనకొక్కరికే వచ్చినది కాదు. జపాను 1957లోనే ఎలక్ట్రానిక్ పరిశ్రమల అభివృద్ధికి ప్రత్యేక చట్టము చేసి, ఏ వస్తువును పరిశోధింపవలెను, దేని ఉత్పత్తి పెంచవలెను అని ఎన్నుకొని, వాటికి తక్కువ వడ్డీ ఋణములు సమకూర్చెను. ట్రాన్సిస్టరు 1947లో అమెరికాలో పుట్టినది. దానితో చేసిన చిన్న రేడియోలను ప్రపంచమంతట అమ్మినది జపానువారు. వారు పెట్టెలను ఎగుమతి చేయుచునే పెట్టెలోని ప్రతి భాగమును చేయు చిన్న కర్మాగారములను పెంచిరి. మన వద్ద లైసెన్సులు చిన్నచిన్న పరిమాణములకు ఇచ్చిరి. 1967నుండి కొన్ని వస్తువులను చిన్న పరిశ్రమలకే ప్రత్యేకించు పద్ధతి వచ్చినది. ఆ జాబితా పెరుగుచు పోయినది. చిన్నవారిని కాపాడవలెనను ఉద్దేశము మంచిదే. కాని కెపాసిటరు అను వస్తువు వేలలో చేసినచో ఖరీదు, లక్షలలో చేసినచో చవుక. ఈ లెక్క నివేదికలు వ్రాసినవారికి తెలియును. లైసెన్సు ఇచ్చువారికి పట్టినట్లు లేదు.

నివేదికకు అధికారము గల ప్రత్యేక కమిషను రావడానికి మరి అయిదేండ్లు పట్టినది. 1970లో ఎలక్ట్రానిక్స్ శాఖ, 1971లో ఎం.జి.కె. మీనన్ అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిషను ఏర్పడెను. ఈలోగా సాంబశివరావుగారు ఊరకుండలేదు. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో అణుశక్తి శాఖ క్రింద ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను నెలకొల్పబడినది, తెలుగువారందరు ఇ.సి.ఐ.ఎల్. అని పిలుచుకొనునది ఇదియే. 1969లో అక్కడ టి.డి.సి.-12 అను గణకయంత్రము తయారైనది. రియాక్టర్ల నియంత్రణ పలకలు, పిమ్మట టెలివిజను సెట్లు, అటుపిమ్మట ఓటింగు యంత్రములు ఆ ఆవరణనుండి వెలువడెను. బయట దొరకని విడిభాగములను కూడ కొన్నింటిని తన ఆవరణలోనే చేసికొనవలసి వచ్చినది. ఒక సంస్థ పుడకనుండి కప్పువరకు తానే చేసికొనుట గొప్పయే. కాని నాలుగు ఊళ్ళలో నలుగురు విడిభాగములు చేయువారు పుట్టుటకు ఆ పద్ధతి అంతగా తోడ్పడలేదు. పుట్టినవారును కుషాయిగూడ, బాలానగరములలో, బెంగుళూరు పీణ్యాలో, పెద్ద కర్మాగారముల నీడనే పుట్టిరి. నడుమనున్న అయిదువందల పైచిలుకు కిలోమీటర్ల దారిలో సామాను ఎక్కుట, దిగుట తక్కువ, పోవుటయే ఎక్కువ.

1975 ఆగస్టునుండి 1976 జూలైవరకు ఉపగ్రహముద్వారా పల్లెలకు టెలివిజను చూపించిన ప్రయోగము నాటి పెద్దలకు జ్ఞాపకముండును. ఆరు రాష్ట్రములలో సుమారు 2400 పల్లెలు. వాటిలో తెలుగు పల్లెలు కూడ కలవు. కోళ్ళ గంపకు వాడునటువంటి వలతో కట్టిన గొడుగు ఆంటెనాయు, దాని క్రింద హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. సెట్టును. అవసరము, నమూనా, తయారీ, మరమ్మతు అన్నియు ఒక్క తాటిమీద నడచిన సందర్భము అది. అటువంటివి మన చరిత్రలో ఎన్నో లేవు. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగినపుడు రంగుల టెలివిజను కావలెనని తొందర కలిగెను. విదేశములనుండి విడిభాగముల కట్టలు తెప్పించి, ఇక్కడ మరలు బిగించి, సోల్డరు పెట్టి, ముందు పలకమీద మన పేరు అచ్చువేసిరి. ముందు పలక గెలిచినది. 1997లో మన దేశము సమాచార సాంకేతిక వస్తువుల అంతర్జాతీయ ఒప్పందమున చేరెను. 2005నాటికి ఆ వస్తువులమీది దిగుమతి సుంకములు తీసివేయవలసి వచ్చినది. అప్పటికి లక్షలలో చేయుట నేర్వని విడిభాగముల కర్మాగారములు చాలవరకు ఆ గాలికి నిలువలేదు.

ఆ కాలముననే అమెరికాలో వేరొక పద్ధతి పుట్టినది. ఒకరితోనొకరు పోటీపడు కంపెనీలే 1990ల ఆరంభమున ఒక బల్లచుట్టు కూర్చుండి, పదునైదేండ్లలో చిప్పు ఎంత చిన్నది కావలెను, అందుకు ఏ యంత్రము, ఏ రసాయనము, ఏ కొలతసాధనము ఎప్పటికి సిద్ధము కావలెను అని దారిపటము గీచిరి. 1998నుండి ఐరోపా, జపాను, కొరియా, తైవానులవారు చేరి అది అంతర్జాతీయ పటమైనది, 2016వరకు సాగెను. చిప్పులను బోర్డుమీద అమర్చు పరిశ్రమకు కూడ 1994నుండి అటువంటి సంఘమొకటి కలదు. భాభా సంఘమునకును దీనికిని పోలిక ఉన్నది, భేదము కూడ ఉన్నది. అక్కడ పటము గీచినవారే దారి నడచువారు. ఇక్కడ గీచినది విజ్ఞానులు, అనుమతి ఇచ్చినది కార్యాలయములు, నడువవలసినది మరియొకరు.

ఇటువంటి పటములు గీచునపుడు మరువరాని గడి ఒకటి ఉన్నది. అది నీరు. సిలికాను పలకమీద చిప్పులు చెక్కు కర్మాగారమునకు అతిశుద్ధమైన నీరు రోజుకు లక్షల లీటర్ల లెక్కన కావలెను. 2021లో తైవానులో కరువు వచ్చినపుడు కర్మాగారములకు లారీలతో నీరు తోలిరి. అనేక ప్రాంతముల వరిపొలములకు ప్రభుత్వము కాలువ నీటిని ఆపి, రైతులకు పరిహారమిచ్చెను. అంత సంపన్నమైన ద్వీపములో జరిగినది అది. అనంతపురమువంటి చోట ఈ సంగతిని మరచి ప్రణాళిక వేయుట అపాయకరము. కాని ఎలక్ట్రానిక్ గొలుసులో అన్ని కొక్కెములు ఒకే దాహము గలవి కావు. చిప్పుల తయారీ, రాగిపూత వేయు సర్క్యూట్ బోర్డుల తయారీ నీటిని త్రాగును. బోర్డుల తయారీలో విషజలమును శుద్ధిచేయు బాధ్యత కూడ ఉన్నది. కాయిళ్ళు చుట్టుట, తీగెల జడలు అల్లుట, ట్రాన్స్‌ఫార్మర్లు, కనెక్టర్లు, ప్లాస్టిక్ పెట్టెలు, బోర్డుమీద భాగములను అమర్చుట, పరీక్షించుట వంటి పనులకు ముఖ్యముగా కావలసినది నేర్పుగల చేతులు, నిలుకడగల కరెంటు, మంచి దారి. మెట్టసీమకు తగినవి ఇవి. పైగా వేరుసెనగ పోయిన యేడు బెంగుళూరులో కూలికి పోవు యువతీయువకులు ఎక్కువమందికి పని దొరకునవియు ఇవియే.

ఇటీవలి అనుభవము రెండు విధములుగా ఉన్నది. పెనుకొండ దగ్గర యఱ్ఱమంచి వద్ద కొరియా దేశపు కియా కంపెనీ 2017లో ఒప్పందము చేసికొని 2019లో కార్లు తయారుచేయసాగెను. ఏటికి మూడు లక్షల కార్లు చేయగల కర్మాగారముగా అది మొదలైనది. కారు ఎలక్ట్రానిక్ వస్తువా అని సందేహించవలదు. 2021లో చిప్పులు అందక ప్రపంచమంతట కార్ల తయారీ కుంటుపడినది. కియాతోపాటు విడిభాగములు చేయు కంపెనీలు కొన్ని చుట్టుప్రక్కల వెలసినవి. గొలుసు ఊరికి వచ్చుట అనగా ఇదియే. ఇంతకు భిన్నముగా, గోరంట్ల మండలము పాలసముద్రము వద్ద భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థకు వందల ఎకరములు కేటాయించి, 2015లో శంకుస్థాపన చేసిరి. ఆపైన ఏండ్ల తరబడి పని నత్తనడక నడచినది. బెంగుళూరులో ఆ సంస్థ పుట్టిన అరువది యేండ్లకు ఈ పీఠభూమిమీద రాయి పడినది; రాయి పడుటకును గోడ లేచుటకును నడుమ ఎంత కాలమో కరువుజిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు.

2025 మార్చిలో కేంద్ర ప్రభుత్వము ఎలక్ట్రానిక్ విడిభాగముల తయారీకే ప్రత్యేకముగ 22,919 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. భాభా సంఘము విడిభాగములే మొదలు అని చెప్పి అప్పటికి ఇంచుమించు అరువది యేండ్లు. ఈ నడుమ ఫోన్ల బిగింపు కర్మాగారములు తిరుపతి, శ్రీసిటీ ప్రాంతములలో లేచినవి. వాటి లోపలి భాగములలో చాల వంతు ఓడలలో, విమానములలో రావలసినదే. ఈ పథకపు సొమ్ము ఏ ఊళ్ళకు చేరవలెనో నిర్ణయించునపుడు రాష్ట్ర అధికారులు కోరవలసిన కాగితము ఒకటి ఉన్నది: ప్రతి కర్మాగారము రోజుకు ఎన్ని లీటర్ల నీరు వాడును, ఎంత తిరిగి శుద్ధిచేసి వాడుకొనును అను లెక్క. పెనుకొండ కర్మాగారమునకు నీరు వచ్చునది గొల్లపల్లి జలాశయమునుండి. అది శ్రీశైలమునుండి హంద్రీ-నీవా కాలువలో మెట్టుమెట్టుగా పంపులతో ఎత్తి తెచ్చిన కృష్ణనీరు. 2016లో మొదటిసారి అక్కడికి చేరినది. అదే నీటికొరకు మడకశిర శాఖకాలువ వెంట చెరువుల క్రింది రైతులును ఎదురుచూచుచుందురు.