జారిందెంత, వంగిందెంత?

1911లో ఈడెన్, రోజ్, కన్నింగ్‌హామ్ అనే ముగ్గురు పరిశోధకులు ఉక్కు ఓర్పును పరీక్షిస్తున్నప్పుడు, నమూనాను పట్టి ఉంచిన బిగింపుల్లో గోధుమరంగు ఆక్సైడు పొడి కనిపించింది. కదలకూడదని బిగించిన చోటే లోహం అరిగి రాలుతోందన్నమాట. 1927లో ఇంగ్లండు నేషనల్ ఫిజికల్ లాబొరేటరీకి చెందిన టామ్లిన్సన్ ఈ సంగతి తేల్చడానికే యంత్రాలు కట్టించి, తాకి ఉన్న రెండు తలాల మధ్య కంటికి ఆనని జారుడే దీనికి మూలమని చూపాడు. రైలు ఇరుసునూ టర్బైన్ బ్లేడు మొదలునూ తినేసే ఈ అరుగుదలే ఫ్రెటింగ్. జారుడే మూలమైనప్పుడు, కొలవవలసిందీ జారుడునే. కానీ ఆ తర్వాత దశాబ్దాల పాటు చాలా పరీక్షల్లో నమోదైంది జారుడు కాదు, యంత్రం నెట్టిన దూరం. ఈ రెంటినీ విడదీసేది దృఢత్వం. దాన్ని చెప్పని ఫ్రెటింగ్ ఫలితం సగం ఫలితమేనని నా వాదన.

యంత్రం ఒక నమూనాను ఇటూ అటూ నెడుతుంది. ఆ తోపుకు తలాలు జారడానికి ముందే నెట్టే చేయి, బిగింపు, నమూనా కొద్దికొద్దిగా వంగుతాయి. ఘర్షణ బలం 100 న్యూటన్లు, మొత్తం అమరిక దృఢత్వం మైక్రానుకు 20 న్యూటన్లు అనుకుందాం. వంగడానికే 5 మైక్రాన్లు ఖర్చవుతాయి. మధ్యస్థానం నుంచి ఇరువైపులా 10 మైక్రాన్ల చొప్పున నెడితే జారేది 5 మాత్రమే. దృఢత్వం మైక్రానుకు 50 న్యూటన్లయితే వంగేది 2, జారేది 8. అదే లోహం, అదే భారం, అదే తోపు. అరుగుదల జారిన దూరాన్ని బట్టి ఉంటే, రెండో యంత్రంలో అది 60 శాతం ఎక్కువ. అదే 100 మైక్రాన్లు నెడితే జారేవి 95, 98. తేడా లెక్కలోకి రాదు. ఇక 4 మైక్రాన్లే నెడితే మొదటి యంత్రంలో తలాలు పూర్తిగా జారవు, రెండోదాంట్లో జారతాయి. అప్పుడు మారేది అంకె ఒక్కటే కాదు, నష్టం స్వభావం కూడా: పాక్షికంగా జారే చోట పగుళ్ల భయం, పూర్తిగా జారే చోట అరుగుదల.

దీని ఫలితం చరిత్రలోనే ఉంది. 1988లో వింగ్స్‌బో, సోడర్‌బెర్గ్ గీసిన ప్రసిద్ధ ఫ్రెటింగ్ పటం ప్రకారం, కదలిక సుమారు 20 నుంచి 300 మైక్రాన్లకు పెరిగితే అరుగుదల గుణకం, అంటే అదే భారానికీ అదే దూరానికీ అరిగే మొత్తం, పది నుంచి వంద రెట్లు పెరుగుతుంది. 2015లో పియర్సన్, షిప్‌వే దాన్ని తిరిగి పరిశీలించి, చాలాచోట్ల నివేదించింది అసలు జారుడు కాదనీ, పైగా అరుగుదల మొదలవడానికి కొంత ఆరంభ దశ దాటాలనీ వాదించారు. కాబట్టి నేరమంతా దృఢత్వానిదే అనడం అన్యాయం. కానీ దాన్ని పక్కన పెట్టి ఆ పటాన్ని చదవడం అంతకంటే ప్రమాదం.

యంత్రాన్ని ఇంకా గట్టిగా కడితే చాలదా అని అడగవచ్చు. చాలదు. ఒకదాన్నొకటి తాకిన వస్తువులకు వాటి సొంత సాగుడు ఉంటుందని 1949లోనే మిండ్లిన్ గణితంతో చూపాడు. దాన్ని ఏ ఇనుప దిమ్మా తీసివేయలేదు. తర్వాత లెక్కలో తీసివేసుకోవచ్చు కదా అన్నది మరో ప్రశ్న. బలాన్నీ కదలికనూ కలిపి నమోదు చేస్తే గీతగా ఏర్పడే వలయంలో, బలం సున్నా అయిన చోట వెడల్పు చూస్తే జారుడు తెలుస్తుంది, నిజమే. కానీ పరీక్ష సాగేకొద్దీ ఘర్షణ మారుతుంది, దానితో వంగుడూ మారుతుంది. అందువల్ల ఒక్క దిద్దుబాటు అన్ని ఆవృత్తులకూ సరిపోదు. బలం రాయకుండా నెట్టిన దూరం ఒక్కటే రాసిన పాత ఫలితాలకు ఆ దారీ లేదు. నిజమైన యంత్రభాగాలూ వంగుతాయి కదా అనేవారి మాట నా వాదనకే బలం: ఇరుసు దృఢత్వం వేరు, పరీక్షాయంత్రం దృఢత్వం వేరు. ఒకచోట కొలిచి మరోచోటికి మోసుకెళ్లగలిగింది జారుడు ఒక్కటే. టామ్లిన్సన్ వేలు చూపింది దానివైపే.