ఒకేలాంటి మౌనం, వేర్వేరు ఆలోచన: యుంగ్ వర్గీకరణపై ఒక పరిశీలన

ఆలోచన ప్రధానంగా బతికే మనుషులను కార్ల్ యుంగ్ 1921 నాటి తన ‘మనస్తత్వ రకాలు’ గ్రంథంలో రెండుగా విడదీశాడు. తుది తీర్పును బయటి వాస్తవాలకు వదిలేది బహిర్ముఖ ఆలోచన. లోపలి భావానికి అప్పగించేది అంతర్ముఖ ఆలోచన. మొదటిదానికి డార్విన్‌నూ రెండోదానికి కాంట్‌నూ ఉదాహరణగా చూపాడు.

పైపైన చూస్తే ఆ ఇద్దరినీ విడదీయడం కష్టం. ఇద్దరివీ క్రమం తప్పని దినచర్యలే, ఇద్దరూ తొందరపడి అచ్చువేసే రకం కాదు. 1770 తర్వాత కాంట్ పదేళ్లకు పైగా పెద్ద గ్రంథమేదీ వెలువరించలేదు. ‘శుద్ధ హేతు విమర్శ’ 1781లో గానీ రాలేదు. డార్విన్‌కు 1838లో మాల్థస్‌ను చదువుతుండగా ప్రకృతి వరణం తట్టింది. ‘జాతుల ఉత్పత్తి’ వచ్చింది 1859లో. ఇద్దరినీ ‘అంతర్ముఖులు, నిదానస్తులు’ అని ఒకే గాటన కట్టేయవచ్చు.

తేడా బయటపడేది ఎదురు సాక్ష్యం ఎదురైన చోట. తన నిర్ధారణలకు అడ్డువచ్చే వాస్తవం కనిపిస్తే డార్విన్ దాన్ని వెంటనే రాసి పెట్టుకునేవాడు. అనుకూలమైన వాటికంటే అలాంటివే త్వరగా మరుపున పడతాయని ఆత్మకథలో చెప్పుకున్నాడు. రాళ్లకూ ఓడల అడుగుకూ అంటుకుని బతికే బార్నకిల్స్‌పై సుమారు ఎనిమిదేళ్లు వెచ్చించిందీ ఆ మౌనకాలంలోనే. కాంట్ దారి వేరు. లోకానికి ఆది ఉందనీ లేదనీ రెండు వాదాలూ సమానంగా నిరూపించవచ్చని తేలినప్పుడు అతను కొత్త ఆధారాలు వెతకలేదు. ఇలాంటి వైరుధ్యాన్ని పుట్టిస్తున్న హేతువునే బోనులో నిలబెట్టాడు.

ఇక్కడో అభ్యంతరం ఉంది. డార్విన్‌కు ముందు ఊహ వచ్చింది, ఆధారాలు చాలావరకు తర్వాత కూడాయి. కాంట్ దశాబ్దాల పాటు భౌతిక భూగోళశాస్త్రం బోధించాడు. అయినా యుంగ్ విభజన నిలుస్తుందనే నా అభిప్రాయం. ఆలోచన ఎక్కడ మొదలైందన్నది కాదు, చివరి మాట ఎవరిదన్నదే అక్కడి ప్రశ్న.

చిక్కంతా ఈ ప్రశ్నను ప్రశ్నావళిగా మార్చడంతో వచ్చింది. ఇసబెల్ మయర్స్, ఆమె తల్లి కేథరిన్ బ్రిగ్స్ యుంగ్ వర్గీకరణ ఆధారంగా రూపొందించిన ప్రశ్నావళిలో ఒక్కో రకానికి నాలుగక్షరాల పేరు ఉంటుంది; ఐఎన్‌టీజే, ఐఎన్‌టీపీ రకాలకు తేడా ఒక్క అక్షరమే. కానీ సిద్ధాంతం ప్రకారం మొదటివారికి అంతర్ముఖ స్ఫురణ (ఇంట్యూషన్) ముందుండి బహిర్ముఖ ఆలోచన తోడుంటుంది. రెండోవారికి అంతర్ముఖ ఆలోచన ముందుండి బహిర్ముఖ స్ఫురణ తోడుంటుంది. అక్షరాల్లో ఇరుగుపొరుగు, లోపల పూర్తి తలకిందులు! ఆ ఒక్క అక్షరమూ మధ్యగీతకు అటో ఇటో పడ్డ ఒకటి రెండు జవాబుల మీద మారిపోవచ్చు. 1989లో మనస్తత్వవేత్తలు మెక్రే, కోస్టా ఈ పరీక్షను పరిశీలించి, విడివిడి రకాలున్నాయనడానికి ఆధారం దొరకలేదన్నారు. అది కొలిచేవి హెచ్చుతగ్గులుండే లక్షణాలనీ, అవి వ్యక్తిత్వాన్ని ఐదు లక్షణాలుగా కొలిచే పంచకారక నమూనాలోని నాలుగింటితో సరిపోలుతున్నాయనీ తేల్చారు.

కాబట్టి ‘రకం’ అన్న మాటను పక్కన పెట్టవచ్చు. ఆలోచనా సరళిని పక్కన పెట్టనక్కర్లేదు. కాకపోతే దాన్ని ‘మీరు ఇలాంటివారేనా?’ అని అడిగి రాబట్టలేం. జవాబిచ్చేవాడు తన గురించి తాను అనుకునేదే చెబుతాడు. నోటు పుస్తకాల్లో, ఉత్తరాల్లో, కొట్టివేసిన చిత్తుప్రతుల్లో ఎదురు సాక్ష్యాన్ని అతను ఏం చేశాడో చూడాలి.