కబ్జా వేరు, జోడ్ వేరు: కృత్రిమ మోచేయి కథ

మా పెద్ద ఖాలాకి చాలా ఏళ్లుగా గఠియా. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అంటారు. ముందు వేళ్లు, తర్వాత మణికట్లు, చివరికి రెండు మోచేతులు పట్టుకుపోయాయి. కుడి మోచేయి ఎంత పాడైందంటే నివాలా నోటిదాకా వచ్చేది కాదు. ఖాలాయే తల వంచి పళ్లెం దగ్గరికి పోయేది. దువాకి చేతులెత్తితే అరచేతులు పైకి తిరిగేవి కావు. జుట్టు కోడలు దువ్వాల్సిందే. చివరికి ఆపరేషన్ చేసి కృత్రిమ మోచేయి పెట్టారు. అల్‌హందులిల్లాహ్, దర్ద్ పోయింది, చెయ్యి వంగింది.

ఇంటికి పంపే రోజు డాక్టర్ ఒక మాట చెప్పాడు. "ఈ చేత్తో ఒక్కసారికి 5 కిలోలకి మించి ఎత్తొద్దమ్మా. మాటిమాటికీ ఎత్తే పనైతే కిలో దాటొద్దు. జిందగీ మొత్తం."

మా ఖాలూకి కోపం వచ్చింది. "ఇంత డబ్బు పోసి లోహం పెట్టిస్తే నీళ్ల బిందె కూడా ఎత్తకూడదా? మోకాళ్లు మార్పించుకున్న మా దోస్త్ రోజూ మస్జిద్ దాకా నడిచి పోతున్నాడు కదా!" అన్నాడు. ఖాలా సవాల్ వేరే. "నేలమీద సజ్దా చేసి ఈ చెయ్యి ఆనించి లేవొచ్చా బేటా?" అని నన్నడిగింది. ఈ ఇద్దరికీ జవాబు వెతుకుతూ పోతే, ఓ యాభై ఏళ్ల తారీఖ్ నా ముందు తెరుచుకుంది.

తెలుగులో తలుపుకున్నదీ కీలే, ఒంట్లో ఉన్నదీ కీలే. ఉర్దూలో అలా కాదు. దర్వాజాకి ఉండేది కబ్జా, బదన్‌లో ఉండేది జోడ్. (ఇది భూముల కబ్జా కాదు లెండి.) మోచేతిని కబ్జా అనుకోవడం, అది కబ్జా కాదని తెలుసుకోవడం... కృత్రిమ మోచేయి కథంతా ఈ రెండిటి మధ్యే నడిచింది.

కొహ్నీ చిన్న జాగాయే గాని అందులో మూడు ఎముకలు కలుస్తాయి. పైనుంచి భుజాస్థి, కింద చిటికెన వేలి వైపు అరత్ని, బొటనవేలి వైపు రత్ని. భుజాస్థి చివర ఒక పక్క బావి గిలకలా గాడి ఉంటుంది. అరత్ని దాన్ని కొక్కెంలా పట్టుకుని తిరుగుతుంది. ఇంకో పక్క గుండ్రటి బొడిపె ఉంటుంది. రత్ని తల దానిమీద తనచుట్టూ తాను తిరుగుతుంది. చెయ్యి వంచి నివాలా నోటికి తెచ్చేది మొదటి కదలిక. దువాకి అరచేతులు పైకి తిప్పేది రెండోది. రెండూ ఒకే జోడ్‌లో జరుగుతాయి.

ఇంకొకటి చూడండి. చేతులు కిందికి వదిలి, అరచేతులు ముందుకు పెట్టి నిలబడండి. ముంజేయి తిన్నగా దిగదు, కొంచెం బయటికి వాలుతుంది. బకెట్ పట్టుకుంటే తుంటికి తగలకుండా ఖుద్రత్ పెట్టిన వాలు ఇది. చెయ్యి వంచుతున్నప్పుడు కూడా ముంజేయి ఒకే గీతమీద రాదు, మూడు నాలుగు డిగ్రీలు అటూ ఇటూ జరుగుతుంది. కంటికి కనపడని ఈ జరుగుడే తర్వాత పెద్ద పెద్ద సర్జన్లని హైరాన్ చేసింది.

మోచేయి ఇలాజ్ కొత్తదేం కాదు. వెయ్యేళ్ల కింద కుర్తుబాలో అబుల్ ఖాసిం అజ్‌జహ్రావీ తన కితాబుత్ తస్రీఫ్ చివరి భాగం, ముప్పయ్యోది, పూర్తిగా జర్రాహీకే ఇచ్చాడు. విరిగిన ఎముకలు కట్టడం, తొలగిన కీళ్లు కూర్చోబెట్టడం అందులో ఒక పెద్ద హిస్సా. తొలగిన దాన్ని సరిచేయొచ్చు. కానీ కీలే కుళ్లిపోతే? 19వ శతాబ్దం దాకా చాలామందికి చెయ్యి తీసేయడమే గతి. ఎడిన్‌బరా సర్జన్ జేమ్స్ సైమ్ 1831లో చెడిన కీళ్లని కోసి తీసేయడం గురించి కితాబ్ రాశాడు. మోచేతి దగ్గర చెడిన ఎముక మేరకే తీసేస్తే చెయ్యి దక్కుతుందన్నది ఆ దారి. చెయ్యి మిగిలేది నిజమే. కానీ ఎముక ఎక్కువ తీస్తే వేలాడేది, తక్కువ తీస్తే మళ్లీ బిగుసుకునేది. మరీజ్‌కి ఈ రెండిట్లో ఏదో ఒకటి రాసిపెట్టి ఉండేది.

లోహపు జోడ్ మీద నమ్మకం కలిగించింది తుంటి కీలు. ఇంగ్లండ్‌లో జాన్ చార్న్లీ అనే సర్జన్ మొదట టెఫ్లాన్ గిన్నెలు పెట్టాడు. అవి అరిగి నాకామ్ అయ్యాయి. అరిగిన పొడి ఒంటికి ఏం చేస్తుందో తెలుసుకోవడానికి ఆయన తన తొడలోనే ఆ పదార్థాల్ని ఎక్కించుకుని చూశాడు. 1962లో గట్టి రకం పాలిథిలీన్‌కి మారాడు. లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నె, రెండిటినీ ఎముకకి పట్టి ఉంచే బోన్ సిమెంట్. ఈ తరీఖా కామ్యాబ్ అయింది. తుంటికి కుదిరింది మోచేతికి ఎందుకు కుదరదు అనుకున్నారు. పైగా మోచేయి ఒంటి బరువు మోయదు కదా, ఇంకా ఆసాన్ అనుకున్నారు.

1972లో బ్రిటన్ సర్జన్ రోజర్ డీ తన మోచేతి కీలు గురించి ప్రచురించాడు. పైన ఒక కాడ భుజాస్థి లోపలికి, కింద ఒక కాడ అరత్ని లోపలికి, మధ్యలో లోహంతో చేసిన కబ్జా. సిమెంట్‌తో బిగింపు. గఠియాతో ఏళ్ల తరబడి బాధపడ్డవాళ్లు ఆపరేషన్ తర్వాత నొప్పి లేకుండా చెయ్యి వంచారు. ఆ ఖుషీ ఎక్కువ కాలం నిలవలేదు. కొన్నేళ్లకే చాలామందిలో కాడలు ఎముకలో వదులైపోయాయి. అప్పట్లో వచ్చిన మిగతా బిగువు కబ్జాలకీ అదే హాల్.

ఎందుకలా? ఏ వడ్రంగి మిస్త్రీని అడిగినా చెప్తాడు. తలుపు పట్టుకుని పైకి కిందికి ఊపితే కబ్జా విరగదు. చౌకట్టులోంచి మేకులు ఊడొస్తాయి. కబ్జా ఎంత మజ్బూత్‌గా ఉంటే మేకుల మీద అంత లాగుడు. మోచేతిలో జరిగిందీ అదే. ముంజేయి పక్కకి ఒరిగినా, మెలి తిరిగినా, ఆ బలాన్ని తీసుకోవాల్సింది కండరాలు, లిగమెంట్లు. బిగువు కబ్జా వాటికి ఆ మౌకా ఇవ్వలేదు. మెలి మొత్తం సిమెంట్ మీద, ఎముక మీద పడింది. సిమెంట్ పగిలింది, కాడ ఊగింది, ఊగిన కొద్దీ ఎముక అరిగింది.

బరువు లెక్క కూడా తప్పింది. తలుపుని చివర పట్టుకుని తోస్తే సులువుగా కదులుతుంది. కబ్జా పక్కనే చెయ్యి పెట్టి తోసి చూడండి, ఎంత జోర్ కావాలో తెలుస్తుంది. మన చెయ్యి వంచే కండరం మోచేతికి నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో అతుక్కుని ఉంటుంది. చేతిలో పట్టుకున్న సామాన్ ముప్పై సెంటీమీటర్ల పైన దూరంలో ఉంటుంది. అందుకే ముంజేయి అడ్డంగా పెట్టి 5 కిలోల బియ్యం సంచి పట్టుకుంటే కండరం 30 కిలోల పైనే లాగాలి. ఆ లాగుడు చాలావరకు మోచేతిలో ఎముకని ఎముకకేసి నొక్కుతుంది. బరువు మోయని జోడ్ అనుకున్నది అసలు అలా కాదు. మా ఖాలూకి ఇదే సగం జవాబు.

ఆ నాకామీల నుంచి సర్జన్లు, ఇంజనీర్లు కలిసి రెండు దారులు తీశారు.

మొదటి దారి కబ్జానే తీసేయడం. పై ఎముకకి లోహపు ముఖం, కింది ఎముకకి ప్లాస్టిక్ ముఖం పెట్టి, రెండిటినీ కలపకుండా వదిలేయడం. పట్టి ఉంచే పని మరీజ్ సొంత లిగమెంట్లదే. జపాన్‌లో హిరోషి కుడో, ఎడిన్‌బరాలో విలియం సూటర్ ఈ దారి పట్టారు. సూటర్‌తో గ్లాస్గోలోని స్ట్రాత్‌క్లైడ్ యూనివర్సిటీ ఇంజనీర్లు పనిచేశారు. కుడో తన నమూనాని ఏళ్ల తరబడి మార్చుకుంటూ పోయాడు. మొదటి రకాల్లో పై భాగం ఎముకలోకి కుంగిపోయింది, దానికి కాడ పెట్టాడు. తర్వాత టైటానియం కాడలు కొన్ని విరిగాయి, కోబాల్ట్ క్రోమ్‌కి మారాడు. ప్రతి మార్పు వెనకా ఎవరో ఒక మరీజ్ పడ్డ తక్లీఫ్ ఉంది. ఈ దారిలో ముఖ్యమైన ఖత్రా జోడ్ జారిపోవడం. లిగమెంట్లు పాడైనవాళ్లకి ఇది పనికిరాదు.

రెండో దారి కబ్జాని ఉంచి దానికి కొంచెం ఢీల్ ఇవ్వడం. అమెరికాలో నార్త్ కరోలినాకి చెందిన రాల్ఫ్ కూన్రాడ్ 1970ల మొదట్లో చేసిన కీలు బిగువుగానే ఉండేది. అదీ వదులయ్యే దారే పట్టింది. ఆ దశాబ్దం చివర్లో దాన్ని మార్చి, లోహపు ఇరుసు చుట్టూ ప్లాస్టిక్ బుష్‌లలో ఖాళీ ఇచ్చారు. వంగడం, చాపడంతో పాటు పక్కలకి, మెలికి సుమారు 7 డిగ్రీల ఆట మిగిలింది. చెయ్యి వంగేటప్పుడు ఆ మూడు నాలుగు డిగ్రీల జరుగుడు ఈ ఖాళీలో ఇమిడిపోతుంది. 1981లో మేయో క్లినిక్ సర్జన్ బర్నార్డ్ మోరీ దీనికి ముందువైపు ఒక రెక్క కలిపాడు. ఆ రెక్కకీ భుజాస్థికీ మధ్య మరీజ్ సొంత ఎముక ముక్క పెడతారు. అది అతుక్కున్నాక కాడ వెనక్కి తోసుకుపోకుండా, మెలి తిరగకుండా ఆపుతుంది.

ఎంత వంగితే చాలన్నది కూడా మోరీ బృందం అదే ఏడాది కొలిచింది. తినడం, తల దువ్వడం, తలుపు తీయడం లాంటి రోజువారీ పనుల్లో చాలావాటికి 30 నుంచి 130 డిగ్రీల దాకా వంగితే చాలు. అరచెయ్యి పైకి 50, కిందికి 50 డిగ్రీలు తిరిగితే సరిపోతుంది. చెయ్యి పూర్తిగా తిన్నగా రాకపోయినా నివాలా నోటికి అందుతుంది. డిజైన్ చేసేవాళ్లకి మంజిల్ ఎక్కడుందో ఇది చూపించింది.

ఆ ఆట నిజంగా పనిచేస్తుందా అని 1992లో మేయో వాళ్లే ప్రయోగం చేసి చూశారు. కండరాలు సరిగ్గా లాగుతున్నప్పుడు కీలు తనకిచ్చిన ఖాళీ అంచులని గుద్దుకోవడం లేదని తేలింది. అంటే బలం ఒంటిమీదే పడుతోంది, సిమెంట్ మీద కాదు. గఠియా మరీజుల్ని 10 నుంచి 15 ఏళ్లు గమనించి 1998లో నతీజా ప్రచురించారు. పదేళ్ల తర్వాత కూడా నూటికి తొంభైకి పైగా కీళ్లు తీసి మార్చాల్సిన అవసరం లేకుండా నిలిచాయి. బిగువుగా కట్టింది ఊడిపోయింది, కాస్త వదులుగా ఉంచింది నిలబడింది.

మన దేశంలోనూ ఈ ఫిక్ర్ చేసినవాళ్లున్నారు. కోల్‌కతా సర్జన్ డాక్టర్ బక్షీ సొంతంగా ఒక వదులు కబ్జా మోచేయి తయారుచేశాడు. దెబ్బ తగిలాక బిగుసుకుపోయిన, లేదా నిలకడ తప్పిన మోచేతులకి దాన్ని వాడి, 1998లో బ్రిటిష్ ఎముకల పత్రికలో తన తజుర్బా రాశాడు. దెబ్బల వల్ల బిగుసుకున్న మోచేయి మన దగ్గర కొత్త సంగతి కాదు. పిల్లాడు మేడ మీద పతంగ్ ఎగరేస్తూ పడితే ముందు నూనె రాసి మాలిష్ చేయించడం మన ఇళ్లలో ఇంకా ఉంది. మోచేతికి ఇది చాలా నష్టం. గాయపడ్డ కండరాన్ని అలా పిసికితే అందులోనే ఎముక పెరిగి, జోడ్ శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు. ముందు ఎక్స్‌రే, తర్వాతే ఏదైనా. ఇది పెద్దవాళ్లకి అదబ్‌తోనే చెప్పాలి, కానీ చెప్పాలి.

ఇంత చేసినా కొన్ని కమీలు మిగిలాయి. మోచేతి మీద చర్మం పల్చన, కండ తక్కువ, అందుకే ఇన్ఫెక్షన్ భయం తుంటి, మోకాలు కంటే ఎక్కువ. దెబ్బ తగిలితే జివ్వుమనే నరం పక్కనుంచే పోతుంది, దాన్ని కాపాడుకుంటూ పనిచేయాలి. చెయ్యి చాపే వెనక కండరాన్ని కోయకుండా పక్కకి జరిపే తరీఖా 1982లో బ్రయాన్, మోరీ చెప్పారు. నేలమీద చెయ్యి ఆనించి లేచేటప్పుడు పనిచేసేది ఆ కండరమే. ప్లాస్టిక్ బుష్‌లు వాడకంతో అరుగుతాయి. ఒకసారి వదులైతే రెండో ఆపరేషన్ మొదటిదానికన్నా కష్టం, ఎందుకంటే కాడ పట్టుకోవడానికి ఎముక తక్కువ మిగులుతుంది. అందుకే బరువు పనులు చేసే జవాన్లకి ఈ కీలు పెట్టడానికి డాక్టర్లు వెనకాడతారు. 5 కిలోల హద్దు కంజూసీ కాదు, ఆ కీలు ఉమర్ పెంచే షర్తు.

ఒక ఖుష్ ఖబర్ కూడా ఉంది. గఠియాకి మెథోట్రెక్సేట్ లాంటి మందులు, ఆ తర్వాత బయోలాజిక్ ఇంజెక్షన్లు వచ్చాక మోచేయి ఇంతదాకా పాడయ్యేవాళ్లు తగ్గారు. ఇప్పుడు ఈ కీలు పడిపోయి మోచేయి నుజ్జయిన ముసలివాళ్లకి కూడా పెడుతున్నారు. ఇంట్లో ఎవరికైనా పొద్దున లేవగానే వేళ్లు గంటసేపు బిగుసుకుంటుంటే "ఉమర్ అయింది కదా" అని వదిలేయకండి. మా ఖాలా విషయంలో మేం చేసిన గల్తీ అదే. అప్పుడే ఇలాజ్ మొదలుపెట్టి ఉంటే ఈ కథ చదవాల్సిన జరూరతే నాకు వచ్చేది కాదేమో.

ఖాలా సవాల్‌కి జవాబు నేను చెప్పలేదు, డాక్టర్ దగ్గరికే తీసుకుపోయి అడిగించాను. "ఆ చేతిమీద ఒంటి బరువు వేసి లేవొద్దమ్మా, కుర్చీమీద నమాజ్ చదువుకోండి" అన్నాడు. మజ్బూరీ ఉన్నవాళ్లకి అల్లాహ్ ఆసానీ ఇచ్చాడు కదా అని ఖాలా ఒప్పుకుంది, కానీ ఆ రోజంతా మౌనంగా ఉంది. నేలని నుదురు తాకకపోవడం ఎలా ఉంటుందో నాకేం తెలుసు!

మొన్న రంజాన్‌లో వాళ్లింటికి ఇఫ్తార్‌కి పోయాను. ఖాలూ నీళ్ల బిందె తనే మోసుకొచ్చి పెట్టాడు, ఎవరూ చెప్పకుండానే. అజాన్ వినపడింది. ఖాలా అరచేతులు పైకి తిప్పి దువా చేసుకుంది. తర్వాత ఖర్జూరం తన చేత్తో తనే తీసుకుని నోట్లో పెట్టుకుంది. తల వంచలేదు.